సీసం టైలరు అడిగిన ప్రశ్న

ఆయన అసలు పని బ్యాగులు బాగుచెయ్యడం. ఊడిన జిప్పులు, తెగిన పట్టీలు, చక్రం విరిగిన సూట్‌కేసులు, చిరిగిన స్కూటరు సీట్లు. ఎవరి దగ్గరా నేర్చుకున్నది కాదు. పాడైన బ్యాగుని కుట్టు కుట్టు విప్పుకుంటూ పోతే, కుట్టినవాడు ఎక్కడ మొదలుపెట్టాడో, ఎక్కడ తొందరపడ్డాడో తెలిసిపోతుందని ఆయన నమ్మకం. విప్పి చూడకుండా దేన్నీ నమ్మేవాడు కాదు. ఇంట్లో గోడ గడియారం, ఇస్త్రీపెట్టె, అల్లుడు ముచ్చటపడి కొన్న రేడియో, అన్నీ ఒకసారి ఆయన చేతిలో విడిపోయినవే. వాటిలో కొన్ని మళ్లీ ఒక్కటయ్యాయి. రేడియో కాలేదు. ఆ సంగతి అల్లుడు ఎత్తడు, ఆయన భార్య మర్చిపోనివ్వదు.

కొట్టు ఆసుపత్రి వెనక సందులో ఉంది. ఒకపక్క మందుల షాపు, ఇంకోపక్క జిరాక్సు. మనిషి నడుం వంచి లోపలికి పోవాలి, కూర్చున్నాక మాత్రం హాయిగా ఉంటుంది. ఆ కొట్టుకి ఒకరోజు ఎక్స్‌రే గది అతను ఒక కోటు మోసుకొచ్చాడు. చూడ్డానికి నీలం రంగు రెక్సిను, ముందువైపు మాత్రమే ఉండి, వెనక పట్టీలతో కట్టుకునేది. భుజం పట్టీ తెగింది. అందుకోబోయి ఆయన తూలాడు.

"ఇంత బరువేంటి తమ్ముడూ, లోపల ఇటుకలేమన్నా పేర్చారా?"

ఇటుకలు కాదు, సీసం. రబ్బరులో సీసం కలిపి చేసిన పలక లోపల ఉంటుంది. ఎక్స్‌రే మిషను నడిచేటప్పుడు పక్కన నిలబడే డాక్టర్లు దీన్ని తొడుక్కుంటారు, కిరణాలు ఒంటిమీద పడకుండా. అంతవరకు ఎక్స్‌రే గది అతను చెప్పాడు. ఆయన పట్టీని మళ్లీ జన్మలో ఊడనంత గట్టిగా కుట్టిచ్చాడు. తోలు సూదితో, దొడ్డుదారంతో, ఛాతీ మీదుగా అడ్డంగా నాలుగు వరసలు. అలాంటి కుట్టు చూస్తే సూట్‌కేసు అయితే మురిసిపోయేదే.

రెండు రోజుల తర్వాత ఎక్స్‌రే గది అతను వచ్చి, పని ఆపి తనతో రమ్మన్నాడు. ఆ కోట్లను అప్పుడప్పుడు మిషను కింద పరిచి, లోపల పగుళ్లున్నాయేమో చూడటం వాళ్ల పద్ధతి. ఈ కోటునూ అలాగే పరిచాడు. తెర మీద తెల్లటి ఛాతీ. దాని మీద అడ్డంగా, చీమలు బారులు తీరినట్టు, నాలుగు వరసల నల్ల చుక్కలు.

"పట్టీ ఊడకుండా కుట్టావన్నా, కాదన్ను. కాకపోతే డాక్టరుగారి గుండెకి కిటికీలు పెట్టావు."

ఇంకొకరైతే సిగ్గుపడేవారు. ఆయన మాత్రం ఆ తెర ముందు నుంచి కదల్లేదు. తన సూది వెళ్లిన ప్రతి చోటూ అందులో కనిపిస్తోంది. ఎక్కడ చెయ్యి కాస్త పక్కకి పోయిందో కూడా తెలుస్తోంది. ముప్ఫై ఏళ్లుగా కుట్టిన కుట్లను లోపలి నుంచి చూసుకోవడం అదే మొదటిసారి. ఆ తర్వాత ఆయన సీసానికి సూది తగలనివ్వలేదు. పై తొడుగు మాత్రమే కుట్టేవాడు, అంచుల్లో జిగురు పెట్టేవాడు. మడతపెడితే లోపల సీసం చిట్లుతుందని తెలిశాక, కోటు తీసి కుర్చీ మీద కుప్పగా పడేసే డాక్టర్లను చూస్తే ఆయనకి తన చొక్కా నలిగినంత బాధగా ఉండేది. సందులో ఆయనకి సీసం టైలరని పేరు పడింది.

మొదట్లో ఆ కోట్లంటే భయమే. కిరణాలన్నీ తాగిన బట్ట కదా, కొట్టంతా అవే కారుతుంటాయేమోనని, ఒక పూట ఎండలో ఆరేసిగానీ ముట్టుకునేవాడు కాదు. ఎక్స్‌రే గది అతను నవ్వి, లైటు ఆపేశాక గదిలో వెలుగు మిగులుతుందా అని అడిగాడు. ఆ మాట ఆయనకి నచ్చింది. ఇంటికెళ్లి భార్యకి చెప్పాడు.

"వెలుగు మిగలదు, బల్బు వేడి మిగులుతుంది" అందావిడ. "ముందు స్నానం చేసి రండి."

ఆ కిరణం కథ ఆయనకి అంతవరకే తెలుసు. సీసం ఆపుతుంది, చిల్లుంటే ఆపదు, మిషను ఆపితే ఏమీ ఉండదు. అది ఎంత పడితే ఎంత చెడు అన్న ప్రశ్న ఆయన బుర్రలోకి రాలేదు. కూతురి విషయం జరిగాకే వచ్చింది.

కూతురు కొరియర్ ఆఫీసులో పనిచేస్తుంది. పెళ్లయి చాలా ఏళ్లయినా పిల్లల్లేరు. డాక్టర్లు, మందులు, పరీక్షలు అన్నీ అయ్యాక ఆ మాటే ఇంట్లో అందరూ ఎత్తడం మానేశారు. ఒక మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా నడుం దగ్గర కత్తి దింపినట్టు నొప్పి వచ్చి కుప్పకూలింది. ఆఫీసువాళ్లు దగ్గర్లో ఉన్న వేరే ఆసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడ కడుపుకి సీటీ స్కాన్ తీసి, మూత్రనాళంలో చిన్న రాయి ఉందన్నారు. స్కాన్ బల్ల ఎక్కేముందు గర్భం ఉందా అని అడిగారట. ఇన్నేళ్ల అలవాటు కొద్దీ లేదని చెప్పేసింది. రాయి దానంతటదే పోయింది. కొన్ని వారాలకి పొద్దున్నే వాంతులు మొదలయ్యాయి. ఇంట్లో చూసుకునే పరీక్షలో రెండు గీతలు కనిపిస్తే, నమ్మలేక ఇంకోటి కొనుక్కొచ్చి చూసింది. అందులోనూ రెండే.

ఇంట్లో ఆ సంతోషం రెండు రోజులు కూడా నిలవలేదు. ఎప్పటినుంచో చూస్తున్న లేడీ డాక్టరు దగ్గరికి వెళ్లారు. ఆవిడ మంచి మనిషి. ఈ మధ్య ఏమన్నా మందులు, పరీక్షలు అని మామూలుగా అడిగింది. స్కాన్ మాట వినగానే రాస్తున్న పెన్ను కింద పెట్టేసింది. తేదీలు లెక్కపెట్టి, స్కాన్ తీసేనాటికే గర్భం నిలిచి ఉంటుందంది. బిడ్డ లోపాలతో పుట్టే ప్రమాదం ఉంది, తీసేయించుకోవడమే మంచిది, ఒకసారి నిలిచింది కాబట్టి మళ్లీ నిలుస్తుందని మెల్లగానే చెప్పి, వచ్చే వారానికి రోజు కూడా ఇచ్చింది.

కూతురు పుట్టింటికి వచ్చి, చెప్పులైనా విప్పకుండా మంచం మీద కూర్చుంది. డాక్టరు చెప్పాక ఇంక మనమేం చేస్తామని అల్లుడు అన్నాడు. కూతురి తల్లి వంటింట్లో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది. సీసం టైలరు కాసేపు అందరినీ చూసి, ఒక్క మాట అడిగాడు.

"ఎంత పడిందట?"

"ఏంటి నాన్నా ఎంత?"

"కిరణం. ఎంత పడితే లోపం వస్తుందట, నీ మీద ఎంత పడిందట?"

కూతురు మొగుడి వంక చూసింది. ఆ మాట వాళ్లు అడగలేదు, డాక్టరు చెప్పలేదు. ఆయన భార్య వంటింట్లోంచి కళ్లు తుడుచుకుంటూ వచ్చింది.

"మీరు బ్యాగులు కుట్టుకునే మనిషి. మీకెందుకండీ ఆ కొలతలు?"

"కొలతలు టైలరుకి కాకపోతే ఇంకెవరికే?"

మర్నాడు కొట్టు తెరిచాడే గానీ మిషను తొక్కలేదు. కోట్లు ఇవ్వడానికి, తీసుకోవడానికి వచ్చే డాక్టర్లు ఆయనకి నలుగురైదుగురు తెలుసు. కడుపు స్కాన్‌లో పడే కిరణం ఒక మామూలు ఛాతీ ఎక్స్‌రేకి ఎన్ని రెట్లని వాళ్లందరినీ అదే ప్రశ్న అడగాలనుకున్నాడు. కూతురి సంగతి ముందే చెబితే జాలిపడి ఏదో ఒకటి చెబుతారు. అందుకని ఊరికే తెలుసుకుందామని అడుగుతున్నట్టు అడిగాడు.

ఎముకల డాక్టరు రోజూ ఎక్స్‌రే తెర చూస్తూ విరిగిన ఎముకలు సర్దే మనిషి. కోటు భుజాన వేసుకుని వెళ్తూనే, ఎంతుంటుంది పెద్దాయనా, పదో పదిహేనో ఎక్స్‌రేలంత అన్నాడు. గుండె డాక్టరు నవ్వి, విమానంలో ఒకసారి పోయొస్తే పడేంత, అసలు లెక్కే కాదన్నాడు. జ్వరాలకి మందిచ్చే పెద్ద డాక్టరు కళ్లజోడు తీసి, కొన్ని వందలు, ఊరికే తీయించుకోకూడదు అన్నాడు. కొత్తగా చేరిన డ్యూటీ డాక్టరు ఇంకో అడుగు ముందుకేసి, స్కాన్లన్నీ అంతే, ఎమ్మారైలోనూ అవే కిరణాలని చెప్పి వెళ్లిపోయింది. ఎమ్మారైలో ఉండేది అయస్కాంతమే, కిరణం లేదని ఎక్స్‌రే గది అతను తర్వాత సర్దిచెప్పాడు.

ఆయనకి కోపం రాలేదు. పైగా ఆసక్తి పెరిగింది. ఒకే గుడ్డని నలుగురు టైలర్లకిస్తే ఒకడు జానెడని, ఒకడు మూరని, ఇంకొకడు బారని, నాలుగోవాడు గజమని అన్నట్టుంది వ్యవహారం. అందరూ పనిమంతులే. ఎముకల డాక్టరు వేళ్లు చర్మం మీద నుంచే ఎముక ఎక్కడ విరిగిందో పట్టేస్తాయి, ఆయన కళ్లారా చూశాడు. ఆ లెక్క వాళ్ల పనిలో రోజూ చేతికి తగిలేది కాదు, అంతే. తను మాత్రం? ఇన్నాళ్లు సీసం కుట్టి, అది ఎంత కిరణాన్ని ఆపుతుందో ఏనాడన్నా అడిగాడా?

కానీ వచ్చే వారం దగ్గరపడుతోంది. ఎక్స్‌రే గది అతని దగ్గర కూర్చుని అసలు సంగతి చెప్పేశాడు.

"మీట నొక్కడం నాకొచ్చన్నా. స్కాన్ అయ్యాక ఎంత పడిందో మిషనే ఒక అంకె చూపిస్తుంది. ఆ అంకెకి అర్థమేంటని అడిగితే నేనూ నీలాంటివాణ్ణే. స్కాన్ మేడమ్‌ని అడుగు."

స్కాన్ మేడమ్ అంటే తీసిన బొమ్మలు చూసి రోగమేంటో రాసిచ్చే డాక్టరు. పొట్టి మనిషి. అందరి కోట్లూ ఆవిడకి మోకాళ్లు దాటి పాదాల మీద పడుతుంటే, ఒకసారి ఆయనే కొలత తీసుకుని పట్టీలు బిగించి ఇచ్చాడు. కిటికీలు మూసేసిన గదిలో, రెండు పెద్ద తెరల ముందు కూర్చుని ఉంది. ఈయన గుమ్మం దగ్గర నిలబడి, ఈసారి దాచకుండా మొత్తం చెప్పాడు. స్కాను, రెండు గీతలు, వచ్చే వారం, నలుగురు డాక్టర్లు నాలుగు రకాలుగా చెప్పడం, అన్నీ. ఆవిడ కుర్చీ ఇటు తిప్పింది.

"ఆ నలుగురిలో ఎవరి మాట నిజమని నన్ను అడుగుతున్నారా?"

"కాదమ్మా. మా అమ్మాయి మీద ఎంత పడిందో అడుగుతున్నా."

"అది నాకు తెలీదు" అందావిడ. "ఉజ్జాయింపుగా చెప్పగలను. కానీ ఉజ్జాయింపు మాటల మీద కడుపు తీయించుకోకూడదు, ఉంచుకోనూకూడదు."

రెండు రోజులుగా తిరుగుతున్న ఆయనకి తెలీదన్న మాట వినబడటం అదే మొదలు. ఎందుకోగానీ, ఊపిరి తేలిగ్గా ఆడింది. ఆవిడ ప్రశ్నలు మొదలుపెట్టింది. ఏ ఆసుపత్రి, ఏ తేదీ, చేతికి సూది గుచ్చి మందు ఎక్కించి మళ్లీ తీశారా, ఒక్కసారే తీశారా, చివరిసారి నెలసరి ఎప్పుడు. ఆయనకి ఒక్కదానికీ జవాబు తెలీదు. కూతురికి ఫోను కలిపి ఆవిడ చేతికే ఇచ్చాడు. సూది లేదు, ఒక్కసారే తీశారు. ఆవిడ తల ఊపి, ఆ ఆసుపత్రి స్కాన్ గదికి ఫోన్ చేసి మిషను చూపించిన అంకె కనుక్కుంటానని, కిరణాల లెక్కలు కట్టడమే పనిగా ఉన్న ఆవిడ ఒకరు పెద్దాసుపత్రిలో ఉన్నారని, ఆవిడతో కూర్చుంటానని చెప్పింది.

"రేపు సాయంత్రం రండి. అమ్మాయిని తీసుకురండి. ఈ ప్రశ్న మీదీ కాదు, నాదీ కాదు. తనది."

మర్నాడు కూతురు, అల్లుడు, ఆయన ముగ్గురూ వెళ్లారు. ఉన్నవి రెండు కుర్చీలే. ఆయన గోడకి ఆనుకుని నిలబడ్డాడు. స్కాన్ మేడమ్ తిన్నగా విషయంలోకి వచ్చింది. అంకె దొరికింది. రాయి కోసం తీసే స్కాన్ కాబట్టి కిరణం తగ్గించే తీశారు. బిడ్డకి లోపాలు తెచ్చేంత కిరణం ఎంతో, ఇది అందులో పదోవంతుకి అటూ ఇటూ. పెద్ద భయమన్నా అబద్ధమే, అసలు భయం లేదన్నా అబద్ధమే. స్కాన్ కారణంగా గర్భం తీసేయించుకోమని తను చెప్పదు.

కూతురు చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ విన్నది.

"అసలు భయం లేదన్నా అబద్ధం అన్నారు కదండీ. మరి ఉన్నదెంత?"

గోడ దగ్గర నిలబడ్డ ఆయన పెదవుల మీదకి రాబోయిన నవ్వుని ఆపుకున్నాడు.

"చిన్నతనంలో కేన్సర్ అనేది ఏ స్కానూ లేకపోయినా వెయ్యి మంది పిల్లల్లో ఇద్దరికి రావచ్చు" అంది స్కాన్ మేడమ్. "కడుపులో ఉండగా ఇంత కిరణం పడిన పిల్లలు వెయ్యి మంది ఉంటే, వాళ్లలో ఇద్దరికి బదులు మహా అయితే ముగ్గురికి రావచ్చు. అంతకన్నా కచ్చితంగా చెప్పే వాళ్లెవరూ లేరమ్మా. అవయవాల లోపాల సంగతికొస్తే, అందరు తల్లులకీ ఉన్నంత భయమే నీకూ."

"మరి మా డాక్టరు ఎందుకలా చెప్పారు?"

స్కాన్ మేడమ్ వెంటనే ఫోన్ తీసుకుని లేడీ డాక్టరుకి చేసింది. వాళ్లిద్దరూ ఎప్పుడో ఒకచోట చదువుకున్నవాళ్లట. ఇటువైపు మాటలే వినబడుతున్నాయి. అంకె చెప్పింది, లెక్క కట్టినావిడ పేరు చెప్పింది. ఎక్కడా గొంతు పెంచలేదు. తర్వాత ఫోన్ కూతురి చేతికి వచ్చింది. ఇంటికి వెళ్లేదారిలో కూతురు లేడీ డాక్టరు అన్న మాటలు తండ్రికి ఉన్నవున్నట్టు చెప్పింది.

"చదువుకునేటప్పుడు దీని గురించి మాకు ఒక్క పాఠం చెప్పారమ్మా, అది కూడా భయపెట్టే పాఠం. బిడ్డకి ఏమన్నా అయితే ఉంచుకోమన్నది ఎవరని నన్ను అడుగుతారు. తీసేస్తే ఎవరూ అడగరు. నాకు తెలీకుండానే నేను అలా ఆలోచించినట్టున్నాను. కనుక్కుని చెప్పాల్సింది. ఉంచుకుంటానంటే నేనే చూస్తా. నా మీద నమ్మకం పోతే ఇంకొకరి దగ్గరికి వెళ్లు, నేనేం అనుకోను."

సీసం టైలరు నడుస్తూ నడుస్తూ ఆగిపోయాడు. తీసేస్తే ఎవరూ అడగరన్న మాట ఆయనకి గుచ్చుకుంది. ఆయన పనిలోనూ అది ఉంది. బాగుచేసిన బ్యాగు మళ్లీ తెగితే మాట పడాలి. ఇది పనికిరాదు, పారేయండి అంటే ఎవరూ ఏమీ అనరు. చేతకాని రోజున తనూ ఆ మాట ఎన్ని బ్యాగుల్ని చూసి అన్నాడో.

ఆ రాత్రి కూతురు, అల్లుడు అక్కడే ఉండిపోయారు. పొద్దున టీ తాగుతుండగా అల్లుడు గ్లాసులోకే చూస్తూ అడిగాడు. "వెయ్యిలో ఆ మూడోది మనదే అయితే?"

మామగారికి నాలుక దురద పెట్టింది. చెప్పాల్సినవి పది ఉన్నాయి, అన్నీ మంచివే. కానీ ప్రశ్న తనది కాదని నిన్న ఆ చీకటి గదిలో విన్నాడు. టీ గ్లాసు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. అల్లుడు తన వంక చూసినా దించలేదు.

"మొదటి ఇద్దరూ ఏ స్కానూ లేని తల్లుల పిల్లలేగా" అంది కూతురు. "వాళ్లనెవరూ ముందే తీసేయించుకోమనలేదు. నాకూ భయంగానే ఉందండీ. కాకపోతే ఇప్పుడు ఆ భయం ఎంతో తెలుసు. నిన్నటిదాకా ఇల్లంత ఉండేది."

అల్లుడు కాసేపటికి లేచి, ఛార్జింగుకి పెట్టిన ఆమె ఫోన్ తెచ్చి చేతిలో పెట్టాడు.

కూతురు లేడీ డాక్టరు క్లినిక్‌కి చేసింది. అక్కడ రిసెప్షన్ అమ్మాయి పేరు వినగానే, వచ్చే వారం రోజు ఖాయమే కదా, ముందురోజు నుంచి ఏమీ తినకుండా రావాలని చెప్పబోయింది.

"ఆ పనికి రావట్లేదమ్మా" అంది కూతురు. "చెకప్‌కి వస్తాను. దానికి రోజు చెప్పు."

అటువైపు రోజు వెతుకుతున్నారు. పొద్దున కావాలా, సాయంత్రమా అని అడిగినట్టున్నారు. కూతురు ఫోన్ చేత్తో మూసి తల్లి వంక చూసింది. ఆవిడ వంటింటి గుమ్మంలో చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉంది.

"పొద్దున్నే పెట్టించుకో" అంది. "ఎండెక్కితే మీ నాన్న దారిలో కనిపించిన ప్రతి డాక్టరునీ ఆపి ప్రశ్నలడుగుతూ వస్తాడు. మనం చేరేసరికి పురుడొచ్చేస్తుంది."